పట్టుబడి డబ్బుకు ఫోను సలహా

షేర్ల గురించి ఏఐని అడిగితే అరనిమిషంలో జవాబు వస్తుంది. ఆ జవాబుకు పూచీ ఎవరిదని అడిగితే మాత్రం చట్టం కొంత దూరమే వెంట వస్తుంది.

ఆకివీడు దగ్గర ఒక రాజుగారు ఉన్నారనుకుందాం. పదెకరాల రొయ్యల చెరువులు, అందులో ఆరెకరాలు లీజు. ఈసారి వైరస్ తగల్లేదు, కౌంటు బాగానే వచ్చింది. పట్టుబడి అయింది, డబ్బు ఖాతాలో పడింది. మేత డీలరు బాకీ తీర్చేశాక 12 లక్షలు మిగిలాయి. పాత రోజుల్లో అయితే ఈ డబ్బు ఎటు పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు. కొంత బంగారం, కొంత చీటీ, మిగతాది ప్రామిసరీ నోటు మీద తెలిసినవాళ్లకు వడ్డీకి. ఇప్పుడు రాజుగారి చేతిలో ఫోనుంది. అందులో తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే ఏఐ ఉంది. గట్టు మీద కుర్చీ వేసుకుని టైపు చేశారు: "12 లక్షలున్నాయి. ఏం కొనమంటావు?"

జవాబు మర్యాదగానే మొదలైంది. తాను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన సలహాదారును కానని, ఇది కేవలం అవగాహన కోసమేనని మొదటి వాక్యం. ఆ వెంటనే ఇండెక్స్ ఫండ్‌కు 40 శాతం, మిడ్‌క్యాప్‌కు 30, బ్యాంకు షేర్లకు 20, బంగారం ఈటీఎఫ్‌కు 10 అంటూ చక్కటి పట్టిక. రాజుగారు ఊరుకోలేదు. "మొహమాటం లేకుండా మా అన్నయ్యలా చెప్పు" అని మళ్లీ కొట్టారు. ఈసారి మూడు కంపెనీల పేర్లు వచ్చాయి.

ఈ సంభాషణ నేను కల్పించినదే. కానీ ఈ సహాయకులను వాడేవాళ్లకు దీని వరస కొత్తేమీ కాదు. ముందు ఒక హెచ్చరిక, వెనకే ఒక జాబితా, గట్టిగా పట్టుబడితే పేర్లు. ఇందులో చట్టం దృష్టికి ముఖ్యమైనది ఆ మూడు పేర్లు మంచివా చెడ్డవా అన్నది కానే కాదు. అవి రెట్టింపయినా కావచ్చు. యంత్రం అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది: మళ్లీ సీడు ఎప్పుడు దింపుతారు?

నంబరు ఉన్న మనిషి

మన దేశంలో డబ్బు తీసుకుని పెట్టుబడి సలహా ఇవ్వడమే వృత్తిగా పెట్టుకోవాలంటే సెబీ దగ్గర నమోదు కావాలి. 1992 నాటి సెబీ చట్టంలోని 12వ సెక్షను ఆ మాట చెబుతుంది. 2013లో వచ్చిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల నిబంధనలు దాన్ని విడమరిచి చెప్పాయి. నమోదైన సలహాదారుకు ఐఎన్‌ఏ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. రీసెర్చ్ అనలిస్టుకు ఐఎన్‌హెచ్. నమోదు లేకుండా సలహాల దుకాణం తెరిస్తే సెబీ చట్టం కింద జరిమానా 25 కోట్ల రూపాయల దాకా, జైలు పదేళ్ల దాకా పోవచ్చు.

మన రాజమండ్రిలోనో తణుకులోనో "ఫైనాన్షియల్ అడ్వైజర్" అని మనం పిలుచుకునే పెద్దమనిషి చాలాసార్లు మ్యూచువల్ ఫండ్ పంపిణీదారో బీమా ఏజెంటో అయివుంటాడు. ఆయనకు ఉండేది ఏఆర్‌ఎన్ నంబరు. ఫండు అమ్మితే కంపెనీ నుంచి కమీషను వస్తుంది. అందులో తప్పేమీ లేదు, కాకపోతే 2020లో మార్చిన నిబంధనల ప్రకారం పంపిణీదారు తనను తాను స్వతంత్ర సలహాదారునని చెప్పుకోకూడదు. ఆ మాట బోర్డుల మీద నుంచి పోయినంత తొందరగా జనం నోళ్ల మీద నుంచి పోలేదు.

నమోదైన సలహాదారు దగ్గరికి అదే రాజుగారు వెళ్తే ఏం జరగాలో నిబంధనల్లో రాసి ఉంది. ముందు వివరాలు తెలుసుకోవాలి: వయసు, రాబడి, ఆస్తి, అప్పు, ఎంతకాలం ఆగగలరు, ఎంత నష్టం తట్టుకోగలరు. అది తేలాకే సలహా. ఆ సలహా ఈ మనిషికి తగినదేనని సలహాదారు చూపించగలగాలి. దేని ఆధారంగా చెప్పాడో రాసిపెట్టి కనీసం ఐదేళ్లు దాచాలి. సంభాషణ ఇలా సాగుతుంది:

"ఈ డబ్బు ఎన్నాళ్లు పక్కన పెట్టగలరండీ?"

"రెండు నెలలండి. ఆ తర్వాత సీడు దింపాలి కదా."

"బాకీలేమైనా ఉన్నాయా రాజుగారూ?"

"ఆయ్, లీజు కోసం తెచ్చింది నాలుగు లక్షలుందండి. మనవాళ్ల దగ్గరే లెండి, రూపాయిన్నర వడ్డీ."

ఇక్కడితో లెక్క మారిపోయింది. నూటికి నెలకు రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. ఆ బాకీ తీరిస్తే 18 శాతం ఖాయంగా మిగులుతుంది. షేర్లలో అంత వస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. రెండు నెలల్లో సీడుకూ మేతకూ కావలసిన డబ్బును మిడ్‌క్యాప్‌లో పెట్టమనే సలహా రాజుగారికి తగదు, మార్కెట్టు ఎంత బాగున్నా సరే. యంత్రానికి ఈ సంగతి తెలియక కాదు, అడిగితే అదే చక్కగా వివరిస్తుంది. కానీ రాజుగారు తనంతట చెబితేనే దానికి తెలుస్తుంది. అడిగి తెలుసుకోవలసిన బాధ్యత దాని మీద ఎవరూ పెట్టలేదు. నంబరు ఉన్న మనిషి మీద పెట్టారు.

యంత్రం చెప్పిందంటే కుదరదు

మరి ఆ సలహాదారే ఏఐని అడిగి చెబితే? ఈ ప్రశ్నకు సెబీ 2024 డిసెంబరులో నిబంధనలు సవరించి సూటిగా జవాబిచ్చింది. సలహాదారు ఏఐ పనిముట్లను కొద్దిగా వాడినా, గొప్పగా వాడినా, క్లయింటు వివరాల భద్రతకు, గోప్యతకు, ఆ యంత్రం ఫలితం ఆధారంగా ఇచ్చిన సలహాకు పూర్తి బాధ్యత ఆయన ఒక్కడిదే. రీసెర్చ్ అనలిస్టులకూ ఇలాంటి నిబంధనే. 2025 జనవరి మార్గదర్శకాల ప్రకారం ఏఐని ఏ మేరకు వాడుతున్నదీ క్లయింటుకు చెప్పి తీరాలి. ఆ మరుసటి నెలలో ఇదే సూత్రాన్ని సెబీ తన పరిధిలోని మిగతా సంస్థలకూ వర్తింపజేసింది. అంటే మీ బ్రోకరు యాప్‌లో ఉన్న సహాయకుడు తప్పు చెబితే "అది సాఫ్ట్‌వేర్ కంపెనీ తప్పు" అని బ్రోకరు తప్పించుకోలేడు.

అదే 2025 ఫిబ్రవరిలో ఆల్గో ట్రేడింగ్ మీద వచ్చిన సర్క్యులరు నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. కంప్యూటరు ప్రోగ్రాములే షేర్లు కొని అమ్మే ఈ పద్ధతిని సెబీ రెండుగా విడదీసింది. ఏ తర్కంతో నడుస్తుందో బయటికి చెప్పేది వైట్ బాక్స్. చెప్పనిది బ్లాక్ బాక్స్. రెండో రకాన్ని జనానికి ఇచ్చేవాడు రీసెర్చ్ అనలిస్టుగా నమోదు కావాలి, తన లెక్కకు ఆధారమైన నివేదిక దగ్గర పెట్టుకోవాలి. యంత్రం లోపల ఏం జరిగిందో చూపించలేకపోతే, దాని వెనక నిలబడి జవాబు చెప్పే మనిషినైనా చూపించాలన్నమాట. ఏఐ విషయంలో ఇంతకంటే తెలివైన గీత గీయడం కష్టమని నా అభిప్రాయం.

అక్కడితో గీత ఆగింది

రాజుగారు వాడిన ఏఐ మాత్రం బ్రోకరుది కాదు, సలహాదారుదీ కాదు. వంటలు, వ్యాసాలు, పిల్లల హోంవర్కు, రొయ్యల రోగాలు అన్నీ చెప్పే సాధారణ సహాయకుడు. దాని పేరెత్తి చెప్పే మాట 2013 నిబంధనల్లో లేదు. వాటి నిర్వచనం ప్రకారం సలహాదారు అంటే ప్రతిఫలం తీసుకుని, క్లయింట్లకు పెట్టుబడి సలహా ఇవ్వడమే వ్యాపారంగా చేసేవాడు, లేదా తాను సలహాదారునని చెప్పుకునేవాడు. ఉచిత చాట్‌బాట్‌కు ప్రతిఫలం ఎక్కడుంది? నెల చందా కట్టినా అది సలహాకా, హోంవర్కుకా? పైగా మొదటి వాక్యంలోనే "నేను సలహాదారును కాను" అంటోంది. ఒక వకీలు చేతికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

ఇంకో మినహాయింపు కూడా ఉంది, అది మా బోంట్ల కోసం. వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, టీవీల ద్వారా అందరికీ ఒకేలా అందే మాటను పెట్టుబడి సలహాగా లెక్కించరు. ఆ మినహాయింపు నీడనే ఈ అనుబంధం కూడా మార్కెట్టు గురించి రాయగలుగుతోంది. అమెరికాలోనూ ఇదే వాదన 1985లో సుప్రీంకోర్టుకెక్కింది. క్రిస్టఫర్ లో అనే ఆయన పెట్టుబడుల వార్తాలేఖలు వేసేవాడు. నేరాల్లో శిక్షపడటంతో ఆయన కంపెనీ రిజిస్ట్రేషన్‌ను అక్కడి నియంత్రణ సంస్థ రద్దు చేసింది. అయినా ఆయన వార్తాలేఖలు ఆపలేదు. అందరికీ ఒకే రకంగా రాసేది, ఏ ఒక్కరి పరిస్థితినీ బట్టి చెప్పనిది 1940 నాటి సలహాదారుల చట్టం కిందికి రాదని కోర్టు తేల్చింది.

పత్రికకు, సలహాదారుకు మధ్య హద్దు అక్కడ పడింది. పత్రిక అందరితో మాట్లాడుతుంది, సలహాదారు ఒక్కరితో మాట్లాడతాడు. ఏఐ సహాయకుడు ఈ రెండూ ఒకేసారి చేస్తోంది. కోట్లమందికి అందుబాటులో ఉంటూనే, ఒక్కొక్కరి వయసూ బాకీ పిల్లల చదువూ విని, విడివిడిగా జవాబిస్తోంది. 12 లక్షలని రాజుగారు చెప్పిన మరుక్షణం అది పత్రిక కాకుండా పోయింది. నా లెక్క ప్రకారం అది సలహాయే. మొదటి వాక్యంలో ఏం రాసుకున్నా సరే.

ఆ మొదటి వాక్యం విలువ ఎంతో మనుషుల విషయంలో సెబీ ఇదివరకే తేల్చింది. 2023 అక్టోబరులో "బాప్ ఆఫ్ చార్ట్" పేరుతో సామాజిక మాధ్యమాల్లో నడిచిన వ్యక్తి మీద ఉత్తర్వు ఇస్తూ, పాఠాల ముసుగులో షేర్ల సిఫారసులు చేశారని చెప్పి సుమారు 17 కోట్ల రూపాయలు జమ చేయమంది. 2025 జనవరిలో మరో మెట్టెక్కి, పాఠాలు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలను ఉదాహరణగా చూపకూడదని ఆదేశించింది. చదువు పేరు పెట్టుకున్నంత మాత్రాన సలహా సలహా కాకుండా పోదని దీని భావం. మనిషికి ఒక న్యాయం, యంత్రానికి ఒకటి ఎందుకుండాలి?

ఏఐ కంపెనీలకూ ఈ ఇబ్బంది తెలుసు. ఓపెన్‌ఏఐ 2023లోనే తన వాడుక నిబంధనల్లో, అర్హత ఉన్న మనిషి చూడకుండా ఫలానా వ్యక్తికంటూ ఆర్థిక సలహా ఇవ్వడానికి తన యంత్రాన్ని వాడకూడదని రాసుకుంది. 2025 అక్టోబరులో ఆ మాటను లైసెన్సు కావలసిన సలహాలన్నిటికీ కలిపి తిరగరాసింది. బాగానే ఉంది. కానీ ఆ షరతు కంపెనీ వాడకందారుకు పెట్టినది. దాన్ని మీరితే ఖాతా మూసేయవచ్చు. రాజుగారి 12 లక్షలతో ఆ షరతుకు సంబంధం లేదు.

మనవాడి మాట

ఈ గోదావరి డెల్టాలో డబ్బు సలహా ఎప్పుడూ మనిషిని చూసే తీసుకున్నాం. దాని ఖరీదు కూడా చెల్లించాం. సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబానిది భీమవరం దగ్గరి గరగపర్రు. మనవాడి కంపెనీ అన్న అభిమానం ఇక్కడ చాలామంది చేత ఆ షేర్లు కొనిపించింది. 2009 జనవరి 7న ఆయన రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నాడు. సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగిపోయింది.

ఈ కథను ఏఐ కోసం మళ్లీ చదవాలి. లేఖకు కొద్ది నెలల ముందు ఇప్పటి సహాయకుడొకటి ఉండి, సత్యం గురించి అడిగితే ఏం చెప్పేది? ఆడిటరు సంతకం పెట్టిన లెక్కలు చదివేది. చేతినిండా నగదు, అప్పు లేదు, పేరున్న క్లయింట్లు. దానికి తోడు మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు. ఇవన్నీ గుదిగుచ్చి అందమైన తెలుగులో మెచ్చుకునేది. అచ్చయిన కాగితమే దానికి ప్రపంచం. కాగితం అబద్ధమాడితే అదీ అదే పాడుతుంది. మనుషులు కూడా ఆనాడు మోసపోయారు, నిజమే. అయితే వాళ్ల దాకా వెళ్లడానికి దారి ఉంది. రామలింగరాజును సెబీ 2014లో 14 ఏళ్లపాటు మార్కెట్టు నుంచి వెలివేసింది. ఆడిటింగ్ సంస్థ మీదా చర్యలు నడిచాయి.

అగ్రిగోల్డ్ సంగతి వేరు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో దాదాపు 32 లక్షలమంది సొమ్ము, ఆరువేల కోట్లకు పైగా, ఇరుక్కుంది. మన గోదావరి జిల్లాల్లో దాన్ని ఊరూరా తీసుకొచ్చినవాడు టీవీ ప్రకటనలోని మనిషి కాదు, వీధి చివర ఏజెంటు. బావగారో పిన్నిగారి అబ్బాయో. చెల్లింపులు ఆగినరోజు జనం ముందు వెళ్లింది కూడా ఆ ఇంటి మీదికే. చిన్న మొత్తాల డిపాజిట్‌దారులకు రాష్ట్ర ప్రభుత్వం 2019లో, 2021లో కొంత చెల్లించింది.

ఏఐ పేరు పెట్టుకున్న మోసం

చట్టపు ఖాళీ గురించి ఇంత చెప్పాక, అసలు ప్రమాదం అందులో లేదని కూడా చెప్పాలి. రాజుగారికి ఏఐ చెప్పిన మూడు పేర్లు కనీసం నిజమైన కంపెనీలు. "మా ఏఐ రోబో రోజుకు రెండు శాతం తెస్తుంది" అంటూ టెలిగ్రామ్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో తగిలేది వేరే జాతి. 2024 ఏప్రిల్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. తమ అధిపతి ఆశిష్‌కుమార్ చౌహాన్ ముఖం, గొంతు అనుకరించి షేర్లు సిఫారసు చేసే నకిలీ వీడియోలు తిరుగుతున్నాయని. అదే ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు కూడా తన గవర్నరు పేరిట తిరుగుతున్న నకిలీ వీడియోల గురించి అలాంటి ప్రకటనే చేసింది. అమెరికాలో 2024 మార్చిలో రెండు సలహా సంస్థలు తమ దగ్గర లేని ఏఐ నైపుణ్యాన్ని ఉన్నట్టు చెప్పుకున్నందుకు కలిపి 4 లక్షల డాలర్లు జరిమానా కట్టాయి. ఏఐ అన్న మాటే సరుకైపోయింది.

ఫ్యూచర్స్, ఆప్షన్ల ఆటలో ఏఐ సలహా వెతికే కుర్రాళ్లకు ఒకే లెక్క చెబుతాను. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ ఆటాడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, అందరి నష్టం కలిపి లక్షా 80 వేల కోట్లు దాటిందని సెబీ అధ్యయనమే చెప్పింది. ఏ యంత్రమూ ఆ 93 లోంచి మిమ్మల్ని ఏడులోకి లాగుతానని హామీ ఇవ్వదు. ఇస్తే అది మోసం.

సలహాదారు ఎక్కడున్నాడు?

ఇక చట్టం వైపు లోపం. దేశంలో డీమ్యాట్ ఖాతాలు 2025లో 20 కోట్లు దాటాయి. సెబీ దగ్గర నమోదైన సలహాదారులు అప్పటికి వెయ్యికి లోపే. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే. ఒక కుటుంబం దగ్గర స్థిర ఫీజుగా ఏడాదికి లక్షా 51 వేలకు మించి తీసుకోకూడదని సెబీ పరిమితి పెట్టింది కానీ, దాంట్లో పదోవంతైనా సలహాకు కట్టే అలవాటు మనకు లేదు. కమీషను ఎక్కడో లోపల కోతపడితే పర్వాలేదు, చేతిలోంచి ఫీజు ఇవ్వాలంటే ప్రాణం ఒప్పదు. పాలకొల్లులో, అమలాపురంలో, నిడదవోలులో ఐఎన్‌ఏ నంబరు కోసం వెతికితే ఎంతమంది దొరుకుతారు? డాక్టరు లేని ఊళ్లో జనం ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఫోనులో ఏఐ దగ్గరికి పోవడమూ అలాంటిదే. తప్పంతా పోయినవాడిదే అనడం న్యాయం కాదు.

సెబీ 2024లో ఈ వృత్తిలోకి వచ్చే దారి కొంత వెడల్పు చేసింది. నికర ఆస్తి షరతు తీసేసి, 150 మంది క్లయింట్ల దాకా లక్ష రూపాయల డిపాజిట్ చాలంది. పట్టభద్రులైతే, నిర్ణయించిన పరీక్షలు పాసైతే నమోదుకు అనుభవం కూడా అక్కర్లేదు. భీమవరంలో కామర్స్ చదివిన కుర్రాడో, కాకినాడ అమ్మాయో ఈ నంబరు తెచ్చుకుని, ఏఐని గుమస్తాగా పెట్టుకుని, రొయ్యల రైతుకీ గల్ఫ్‌లో ఉన్న కోనసీమ ఇల్లాలికీ తెలుగులో సలహా చెబితే ఫీజు తగ్గుతుంది, పూచీ ఉంటుంది. చట్టం ఆ దారిని మూయలేదు. సాధారణ చాట్‌బాట్లకూ సెబీ ఒక షరతు పెట్టాలని నా కోరిక: పేరుపెట్టి షేరు చెబితే, ముందు ఆ మనిషి అప్పులూ గడువులూ అడిగి తీరాలి, లేదా నమోదైనవాళ్ల జాబితా చూపి ఆగిపోవాలి.

అప్పటిదాకా పని మనదే. పీ-ఈ నిష్పత్తి అంటే ఏమిటి, ఇండెక్స్ ఫండుకూ మామూలు ఫండుకూ తేడా ఏమిటి, ఈ ఫండు ఖర్చు ఎంత, ఈ ఒప్పందంలో ఏం రాసుంది, ఇవన్నీ ఏఐని నిస్సంకోచంగా అడగండి. దానికంటే ఓపిగ్గా చెప్పే మాస్టారు దొరకరు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ దానికి చెప్పొద్దు. ఏం కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నచోట ఐఎన్‌ఏ నంబరు అడగండి, ఆ నంబరును సెబీ వెబ్‌సైటులో సరిచూడండి. 2025 అక్టోబరు నుంచి నమోదైన బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు యూపీఐ చిరునామాలో "వ్యాలిడ్" అనే మాట ఉండేలా ఏర్పాటు చేశారు. డబ్బు పంపేముందు అది ఉందా అని చూసుకోండి. మోసపోయామని అనుమానం వస్తే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి.

నమోదైన సంస్థ మీద ఫిర్యాదుకు సెబీ స్కోర్స్ పోర్టల్ ఉంది. 21 రోజుల్లో ఆ సంస్థ జవాబు చెప్పాలి. ఫిర్యాదు రాసేటప్పుడు ఎవరి మీదో ముందుగా ఎంచుకోవాలి: లిస్టెడ్ కంపెనీ, బ్రోకరు, మ్యూచువల్ ఫండ్, సలహాదారు, రీసెర్చ్ అనలిస్టు. చాట్‌బాట్‌కు అందులో గడి లేదు.